రెండు వేళ్లు కిందికి

టీవీలో సీరియల్ చూసేవాళ్లకి దాని పేరు వెన్నంటి. గ్రహాంతరవాసుల ఆయుధం. ఎవరి మీదికి వదిలితే వాళ్లని పట్టుకునేదాకా వదలదు. తలుపు వేసుకుంటే కిటికీలోంచి వస్తుంది, కిటికీ కూడా మూసేస్తే గుమ్మం బయట కాచుకుని ఉంటుంది. స్టూడియోలో పనిచేసేవాళ్లకి మాత్రం దాని పేరు సొరకాయ. ఫైబరుతో చేసిన మూరెడు పొడుగు బుర్ర, దాని కింద నాలుగు రబ్బరు కాళ్లు, కడుపులో పసుపుపచ్చ బల్బు, దానికో బ్యాటరీ. అంతా కలిపి రెండు కిలోల పైచిలుకు. లోకాలన్నిటినీ గడగడలాడించే ఈ సొరకాయని పదహారేళ్లుగా నాలుగు నైలాన్ దారాల మీద ఎగరేస్తున్నది దారాలక్క.

యాభై దాటిన మనిషి. గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి రాజుగారి వేషం వేసే ముసలి నటుడి దాకా అందరికీ ఆవిడ అక్కే. సెట్టు పైన దీపాల పక్కన ఒక చెక్క బాట ఉంది. పొద్దున్నే నలభై రెండు మెట్లెక్కి ఆ బాట మీద నిలబడి, కంచె మీదుగా వంగి, దారాలు కట్టిన అడ్డకర్ర చేత్తో పట్టుకుని నడవడం ఆవిడ పని. కింద నటులు ప్రాణాలు అరచేత పట్టుకుని పరుగెత్తుతుంటారు. వాళ్ల వెనకే సొరకాయ వస్తుంటుంది. పైన నడిచే మనిషిని ఎవరూ చూడరు, చూడకూడదు కూడా. కనబడితే ఆ షాటు దండగ.

ఆ సోమవారం ఆవిడ మామూలుగా మెట్టు మీద కాలు పెట్టబోతుంటే మేనేజరు కేకేశాడు.

"పైకి కాదక్కా! ఇవాళ్టి నుంచి మూడు రోజులు నీకు కింద గదిలో పని."

నిజం చెప్పాలంటే మొదట ఆవిడకి కలిగింది సంతోషమే. రెండేళ్లుగా కుడి భుజం తల దువ్వుకోవడానికి కూడా లేవడం లేదు. దువ్వెన ఎడమచేతికి మారింది. నలభై రెండు మెట్లు ఎక్కకుండా ఒక రోజు గడుస్తుందంటే ఎవరికి చేదు?

కింద గదిలో సామానేమీ లేదు. నేల మీద నల్ల చాప, గోడల నిండా చిన్న చిన్న కెమెరాలు, ఒక మూల బల్ల. బల్ల మీద కంప్యూటరు, దాని వెనక ముప్పై ఏళ్ల ఒకావిడ. వచ్చి వారం కాలేదు, స్టూడియో అంతా అప్పుడే కంప్యూటరమ్మ అని పేరు పెట్టేసింది.

"రండక్కా. ఈ గ్లౌజులు వేసుకోండి. పైన ఎలా చేస్తారో ఇక్కడా అచ్చం అలాగే చెయ్యండి."

"సొరకాయ ఏదమ్మా?"

"అది ఇందులో ఉంటుంది." తెర మీద వేలితో కొట్టి చూపించింది. "మీ చెయ్యి ఎటు కదిలితే ఇదీ అటు కదులుతుంది. మూడు రోజులు మిమ్మల్ని చూసి నేర్చుకుంటుంది. ఆ తర్వాత పది కావాలంటే పది, వంద కావాలంటే వంద."

"అది నేర్చేసుకున్నాక నేనో?"

కంప్యూటరమ్మ గ్లౌజు పట్టీ బిగిస్తూ తల ఎత్తలేదు. పట్టీ ఎప్పుడో బిగిసింది. అయినా బిగిస్తూనే ఉంది. ఈ పిల్లకి అబద్ధం చెప్పడం చేతకాదని దారాలక్కకి అర్థమైంది.

ఆ జవాబు చెప్పడానికి డైరెక్టరే వచ్చాడు. ఈ ఏడాదే కొత్తగా వచ్చిన మనిషి, ముప్పై నిండాయో లేదో. కుర్చీ ఉన్నా కూర్చోకుండా చాప మీద చతికిలబడ్డాడు.

"మీ దగ్గర దాచి లాభం లేదక్కా. వచ్చే సీజన్ నుంచి దారాలుండవు. పైన బాట కూడా విప్పేస్తున్నారు. కానీ మీరుంటారు. ఈ గదిలోనే, ఇదిగో ఈ కుర్చీలో. కంప్యూటర్ చేసింది చూసి, ఇది వెన్నంటిలా ఉంది, ఇది లేదు అని చెప్పడమే మీ పని. కంపెనీ వాళ్లని ఒప్పించాను."

"ఊరికే ఒప్పుకున్నారా?"

"ఊరికే ఎందుకు ఒప్పుకుంటారు? దాని నడక అచ్చంగా కంప్యూటర్‌లోకి దిగాలన్నారు. బుధవారం సాయంత్రానికి దిగిందా, కుర్చీ మీది. దిగలేదా, ఇంకెవరి చేతో ఇంకో నడక చేయించుకుంటారు. అప్పుడిక నా చేతుల్లో ఏమీ ఉండదు."

దారాలక్క కుర్చీ వైపు చూసింది. చేతులున్న కుర్చీ, వీపుకి దిండు ఉంది. భుజం ఆనించుకోవడానికి ఎత్తు సరిగ్గా సరిపోతుంది. సిగ్గు విడిచి చెప్పుకోవాలంటే, ఆ కుర్చీ మీద ఆవిడకి ఆశ పుట్టింది.

పని మొదలైంది. పైన బాటకి ఒకచోట మలుపుంది. సరిగ్గా ఆ మలుపులో కప్పుని మోసే ఇనప స్తంభం అడ్డం. కర్ర పట్టుకున్న చెయ్యి స్తంభంలోంచి దూరిపోదు కదా, అందుకని కుడిచేతిలోని కర్రని స్తంభం అవతలికి చాపి, ఎడమచేత్తో అటునుంచి అందుకోవాలి. అందుకే కంప్యూటరమ్మ స్తంభానికి బదులు కోట్లు తగిలించుకునే స్టాండు ఒకటి తెచ్చి గది మధ్యలో పెట్టింది. దారాల్లేని ఉత్త కర్ర పట్టుకుని దారాలక్క దాని చుట్టూ తిరిగింది. ఇరవై సార్లు తిరిగాక డైరెక్టరు తెర చూసి మొహం చిట్లించాడు.

"వాసన చూడలేదేంటి?"

"ఎవరు బాబూ?"

"వెన్నంటి! మలుపు తిరిగే ముందు అది కొంచెం కిందికి వంగుతుంది కదక్కా. వాసన పట్టి, మనిషి ఎటు పోయాడో తెలుసుకుని అప్పుడు తిరుగుతుంది. నా చిన్నప్పుడు మా వీధి పిల్లలమంతా అలా తల వంచే మలుపు తిరిగేవాళ్లం. మిగతా సీరియల్స్‌లో ఆయుధాలు ఉత్తినే ఎగురుతాయి. ఇదొక్కటే ఆలోచిస్తుంది. దాని ప్రాణమంతా అక్కడే ఉంది. అసలలా చెయ్యమని మీకు ఎవరు చెప్పారు?"

దారాలక్కకి తెలిసిన సంగతి వేరు. స్తంభం దగ్గర చెయ్యి మారేటప్పుడు బరువు ఆగక సొరకాయ రెండు వేళ్లు కిందికి జారుతుంది. అది తప్పు. పనిలో దిగిన మొదటి రోజు నుంచీ ఉన్న తప్పు. అప్పటి డైరెక్టరు "మళ్లీ పడింది సొరకాయ!" అని మైకులో అరిస్తే సెట్టంతా నవ్వేది. మళ్లీ తీయడానికి టైము లేక అలాగే ప్రసారం చేసేవారు. పదహారేళ్లుగా ఎంత ప్రయత్నించినా ఒక్కసారి కూడా పడకుండా మలుపు తిప్పలేకపోయిందావిడ.

"ఎవరూ చెప్పలేదు బాబూ," అంది. అది నిజమే.

*

ఇంట్లో బావగారు గోడకి ఆనుకుని కూర్చుని రేడియో వింటున్నాడు. భర్తకి అన్నగారు, ఆవిడకి ఈ పని నేర్పిన గురువు. ఒకప్పుడు పిల్లల కార్యక్రమాల్లో బొమ్మలాడించేవాడు. ఆయన బొమ్మ నడిస్తే నేల మీద అడుగుల చప్పుడు వినబడుతున్నట్టే ఉండేదని పాతవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఇప్పుడు చూపు ఆనదు. మనిషి ఆకారం తెలుస్తుంది, మొహం తెలియదు. అయినా వారం వారం సీరియల్ వచ్చే వేళకి టీవీ ముందు కూర్చుంటాడు. వెనక వచ్చే సంగీతాన్ని బట్టి మలుపు పసిగట్టి, "పడిందా?" అంటాడు. "పడింది బావగారూ," అంటుందావిడ. అంతే, అక్కడితో ఆ వారం పాఠం ముగుస్తుంది.

జరిగిందంతా చెబితే ముసలాయన దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"వాసన చూసిందన్నారా! కిందపడ్డా పైచెయ్యి నాదే అన్నాడట వెనకటికొకడు. ఇక్కడ నువ్వు అనను కూడా అనలేదు, వాళ్లే అనేశారు. అదృష్టవంతురాలివి అమ్మాయ్."

"అదృష్టమేనంటారా?"

"కుర్చీ వస్తుందిగా! కూర్చో." నవ్వు ఆపి, "కానీ తప్పుని పదిమంది మెచ్చుకున్నంత మాత్రాన ఒప్పు అయిపోదు. అది నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఏదీ, ఇలా పట్రా."

పట్రమ్మన్నది ఇంట్లో ఉండే పాత కర్రని. దానికి దారాలతో రెండు లీటర్ల నీళ్ల బాటిలు కట్టి, వంటింటికీ హాలుకీ మధ్యనున్న స్తంభం దగ్గర ఆవిడని నిలబెట్టాడు. నేర్పిన రోజుల నుంచీ ఆయన పరీక్ష అదే. బాటిలుకి రెండు వేళ్ల కింద తన అరచెయ్యి చాపి ఉంచుతాడు. కర్ర చెయ్యి మారేటప్పుడు బాటిలు ఆ అరచేతికి తగలకూడదు.

తగిలింది.

"నీ ఎడమచెయ్యి మంచిదే. దొంగ ఆ కుడిచెయ్యి. పడిపోతుందేమో అన్న భయంతో వదలదు. ఎడమచెయ్యి అందుకున్నాక కూడా అరక్షణం పట్టుకునే ఉంటుంది. ఆ లాగులాటలో పడుతుంది. వదలాలమ్మా, వదిలితేనే నిలుస్తుంది."

ఈ మాట ఆవిడ వెయ్యిసార్లు వింది. తలూపి, నీళ్లు మొక్కలకి పోసి వంటపనిలో పడింది.

*

మంగళవారమంతా తిరగడమే సరిపోయింది. కర్ర చాపడం, అందుకోవడం, వెనక్కి రావడం. మళ్లీ చాపడం, మళ్లీ అందుకోవడం. కంప్యూటరమ్మ మాటిమాటికీ ఏదో సరిచేసి, "ఇంకొక్కసారక్కా," అంటుంది. ఆ ఒక్కసారికి అంతులేదు. డైరెక్టరు వచ్చినప్పుడల్లా దారాలక్క కావాలని చెయ్యి కిందికి దించి చూసింది. తెర మీద బొమ్మ కూడా దిగింది. దిగింది గానీ, వాసన చూసినట్టు లేదు.

"తాగి తూలినట్టుందక్కా," అన్నాడు డైరెక్టరు, నొప్పించకుండా చెప్పాలని ఎంత ప్రయత్నించినా.

ఆయన వెళ్లాక కంప్యూటరమ్మ డబ్బా మూత తీసి సగం రొట్టె ఆవిడకిచ్చింది. ఇద్దరూ చాప మీద కూర్చుని తిన్నారు.

"మీకు తెలుసా అక్కా, పొద్దున్నుంచి నాలుగు వందల పది సార్లు చెయ్యి మార్చారు. ఇది లెక్కపెడుతోంది."

"పైన అయితే రోజుకి పది, మహా అయితే పదిహేను. బరువుతో అంతకన్నా చెయ్యలేం." నములుతున్నదల్లా ఆగింది. "బరువు లేనిదే అది రాదమ్మా. సొరకాయ వేలాడుతుంటేనే వస్తుంది."

"అలాగా! మరి నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

ఎందుకంటే, బరువు సంగతి చెబితే అదెందుకు పడుతుందో కూడా చెప్పాలి. ఇది వాసనా కాదు, ఆలోచనా కాదు, నా చేతకానితనం అని చెప్పాలి. పదహారేళ్ల తిట్లకి ఇప్పుడు ఎవరో పిల్లవాడు వచ్చి దండ వేస్తుంటే, ఆ దండ తీసి పక్కన పెట్టేంత ఓపిక ఆవిడకి లేకపోయింది.

"తోచలేదు," అంది.

కంప్యూటరమ్మ ఫోను తీసి డైరెక్టరుకి చెప్పింది. రేపు కెమెరాలు పైకెక్కించాలని, సొరకాయని కట్టించాలని, పాత బాట మీదే రికార్డు చేద్దామని. ఫోను పెట్టేసి, "ఇది సరిగ్గా రాకపోతే నన్నూ పంపించేస్తారక్కా," అంది మామూలుగా, రొట్టె ముక్క తుంపుతూ.

*

బుధవారం పొద్దున వడ్రంగి, ఇద్దరు లైట్లవాళ్లు కలిసి కెమెరాలు పైకి మోశారు. వడ్రంగి ఈ బాట కట్టినవాడు. రేపు విప్పాల్సినవాడూ అతనే.

"ఆఖరుసారిగా ఎక్కుతున్నావా అక్కా? మెట్లు లెక్కపెట్టుకో, రేపట్నుంచి దొరకవు."

"నీ మెట్లకో దండం. నువ్వే లెక్కపెట్టుకో."

ఎక్కేసరికి భుజం సలుపుతోంది. గ్లౌజుల మీదుగా కర్ర పట్టుకుంది. కింద సొరకాయ దీపం వెలిగించుకుని నేల మీంచి లేచింది. రెండు రోజులు ఉత్త కర్ర పట్టిన చేతికి ఆ బరువు కొత్తగానూ తోచింది, సొంతంగానూ తోచింది. డైరెక్టరు కింద నిలబడి చెయ్యి ఊపాడు. దారాలక్క నడిచింది. సొరకాయ గది దాటింది, గుమ్మం దాటింది, మలుపు దగ్గరికొచ్చింది. ఆవిడ కర్రని స్తంభం అవతలికి చాపింది. కుడిచెయ్యి వదిలింది. ఎడమచెయ్యి అప్పటికే అక్కడుంది.

సొరకాయ మలుపు తిరిగి ముందుకు సాగిపోయింది. వెంట్రుకవాసి కూడా దిగలేదు.

కిందివాళ్లకంటే ముందు అది ఆవిడకే తెలిసింది. అలవాటు చొప్పున తిట్టు కోసం ఎదురుచూసింది. తిట్టు రాలేదు.

"వాసన చూడలేదక్కా! ఇంకోసారి!" అన్నాడు డైరెక్టరు.

ఇంకోసారి చేసింది. ఈసారి జాగ్రత్తగా, తన చేతుల్ని తనే పరాయివాళ్ల చేతుల్లా చూస్తూ చేసింది. కుడిచెయ్యి వదలాల్సిన క్షణానికి వదిలేసింది, భయం లేకుండా, లాగులాట లేకుండా. సొరకాయ గీత గీసినట్టు వెళ్లింది. అప్పుడు తట్టింది దారాలక్కకి. బరువు లేని కర్రతో పడేదేముంది, భయపడేదేముంది? రెండు రోజులు కొన్ని వందలసార్లు భయం లేకుండా వదిలీ వదిలీ చేతికి వదలడం వచ్చేసింది. కంప్యూటరుకి నేర్పమని కూర్చోబెడితే అది నేర్చుకుందో లేదో గానీ, తను నేర్చుకుంది. పదహారేళ్లు రానిది, ఎవరికీ అక్కర్లేని రోజున వచ్చింది.

సంతోషం పట్టలేక కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరికైనా చెప్పాలనిపించింది. కంచె మీంచి వంగి చూస్తే కింద డైరెక్టరు తల పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన కంప్యూటరమ్మ గోళ్లు కొరుక్కుంటోంది.

"అక్కా, ఏమైంది మీకు? ఎప్పుడూ చేసేదేగా! సాయంత్రానికి పంపాలి. కంపెనీ వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు."

ఆవిడ స్తంభానికి భుజం ఆనించి ఒక్క నిమిషం నిలబడింది. నొప్పి మెడ దాకా పాకింది. కుర్చీ గుర్తొచ్చింది, వీపు దగ్గర దిండు గుర్తొచ్చింది. సరిగ్గా చెయ్యడమంటే ఇదీ అని చెబితే ఎవరికి ఎక్కుతుంది? అక్కడ కింద తల వంచుకుని మలుపులు తిరిగిన పిల్లవాడు ఒకడున్నాడు, ఉద్యోగం ఊడుతుందేమోనని ఒక పిల్ల ఉంది. తనకా, రేపట్నుంచి ఎక్కడానికి బాట లేదు.

"వస్తున్నా బాబూ," అంది.

మూడోసారి మలుపు దగ్గర ఆవిడ కుడిచేతిని గట్టిగా బిగుసుకోమంది. చెయ్యి వినలేదు, వదిలేయబోయింది. బలవంతాన అరక్షణం ఆపింది. కింద సొరకాయ రెండు వేళ్లు జారి, లేచి, తిరిగింది.

సెట్టంతా చప్పట్లు. డైరెక్టరు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "అదీ! అదీ అక్కా! వాసన చూసింది!"

ఎందుకైనా మంచిదని అలాగే ఇంకో ఐదుసార్లు చేయించుకున్నారు. ఐదుసార్లూ సొరకాయ వాసన చూసింది. ఆవిడ దిగొచ్చేసరికి కంప్యూటరమ్మ ఎదురొచ్చి చేతులు పట్టుకుంది. మొహం తేటపడింది.

"బతికించారక్కా. కుర్చీ మీదే అని చెప్పమన్నారు. కాగితం రేపొస్తుంది."

"మొదట చేసినవి రెండున్నాయి కదమ్మా, తిన్నగా వెళ్లినవి. అవి ఒకసారి చూపిస్తావా?"

"అవా? తీసేశానక్కా. పాడైపోయినవి లోపల ఉంచకూడదు. మంచివాటిలో కలిసిపోతే ఇది వాటిని కూడా నేర్చేసుకుంటుంది." ఆవిడ మొహం చూసి తడబడింది. "కావాల్సినవా?"

"కాదులే," అంది దారాలక్క. "ఊరికే అడిగాను."

*

ఇంటికి వచ్చేసరికి ఇంకా వెలుగుంది. భర్త వ్యాను డ్యూటీ దిగడానికి గంట టైముంది. బావగారు రేడియో ఆపి, "ఏమైంది? పడిందా?" అన్నాడు.

"కుర్చీ వచ్చింది బావగారూ."

"అది కాదు నేనడిగింది."

ఆవిడ చెప్పులు కూడా విప్పలేదు. బాటిలు నింపి కర్రకి కట్టి స్తంభం దగ్గర నిలబడింది. ఆయన తడుముకుంటూ వచ్చి, బాటిలు అడుగు ఎక్కడుందో వేలితో చూసుకుని, దానికి రెండు వేళ్ల కింద అరచెయ్యి చాపాడు.

దారాలక్క కర్ర చాపింది. వదిలింది. అందుకుంది.

అరచెయ్యి అలాగే చాచి ఉంది. వంటింట్లో కుళాయి బొట్టు బొట్టుగా కారుతోంది.

"కానియ్యవే, ఎంతసేపు?" అన్నాడు బావగారు.

"అయిపోయింది బావగారూ. చెయ్యి మార్చేశాను."

ఆయన రెండో చెయ్యి గాల్లో ఆడించి స్తంభం అవతల వేలాడుతున్న బాటిలుని పట్టుకున్నాడు. అనుమానంగా పైకెత్తి బరువు చూశాడు. మూత దాకా తడిమి చూశాడు. నీళ్లు నిండుగానే ఉన్నాయి.

"ఎవరైనా చూశారా అమ్మాయ్?"

"చూశారు. బాగాలేదని తీసేశారు."

బావగారు అరచేతిని లుంగీకి తుడుచుకుని, దాన్ని మళ్లీ చాపాడు. ఈసారి రెండు వేళ్ల దూరంలో కాదు, ఒక్క వేలి దూరంలో.

"ఏదీ," అన్నాడు, "ఇంకోసారి."